గోరు నలిగిందనుకున్నాను: నాలుగేళ్ళ పాప బొటనవేలి ఫ్రాక్చర్ కేసు

ఈ కేసు రాయడానికి పాప అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించిన సంగతులు మాత్రం నా పొరపాటుతో సహా ఉన్నవున్నట్టే రాస్తున్నాను.

ఆ రాత్రి

2023 డిసెంబరు 3, ఆదివారం. మిచౌంగ్ తుపాను తీరం దాటింది 5వ తేదీ మధ్యాహ్నం, బాపట్ల దగ్గర. నెల్లూరు జిల్లాకు దెబ్బ అంతకు ముందే మొదలైంది. కావలిలో ఆ రాత్రి గాలీ వానా ఆగలేదు, కరెంటు పోతూ వస్తూ ఉంది. ఎనిమిది దాటింది, ఇక క్లినిక్ మూసేద్దామని లేచాను. అప్పుడు అల్లూరు వైపు నుంచి ఒక కుటుంబం ఆటోలో వచ్చింది. తల్లి ఒళ్ళో పాప. వయసు నాలుగేళ్ళ తొమ్మిది నెలలు, బరువు పదహారు కిలోలు. కుడిచేతికి పాత చీర పేలిక చుట్టి ఉంది.

తండ్రి రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. మేత వేయడం, రాత్రి కాపలా ఆయన పనులు. కరెంటు పోతే గుంటలో ఏరియేటర్లు ఆగిపోతాయి. అవి ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది, పంటంతా పోతుంది. అందుకని జనరేటర్ వేయడానికి షెడ్డుకు పరిగెత్తాడు. పాప వెనకాలే వెళ్ళింది. ఇనప రేకు తలుపు గాలికి ఒక్క విసురున వచ్చి మూసుకుంది. బొటనవేలు తలుపుకూ చట్రానికీ మధ్య పడింది. రక్తం చూసి తండ్రి చేసిన మొదటి పని, పక్కనున్న బకెట్లో వేలు ముంచి కడగడం. ఆ బకెట్లో ఉన్నవి గుంట నీళ్ళు. ఆ సంగతి ఆ రాత్రి వాళ్ళు చెప్పలేదు. నేనూ అడగలేదు.

పేలిక విప్పాను. గోటి చుట్టూ రక్తం గడ్డ కట్టి ఉంది. పాప గట్టిగా ఏడుస్తోంది, చెయ్యి లాక్కుంటోంది. వేలి చివరి కణుపు కొంచెం కిందికి వాలినట్టు కనిపించింది. ఆ రాత్రి నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది: "బొటనవేలి గోరు నలిగింది. గోటి కింద రక్తం. చివరి కణుపు వాలింది, మ్యాలెట్ కావచ్చు. హ్యాండ్ ఎక్స్‌రే." మ్యాలెట్ అంటే వేలిని చాపే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగిపోయి గానీ, అది అంటుకున్న ఎముక ముక్క ఊడిపోయి గానీ వేలి కొస వాలిపోవడం. క్రికెట్ బంతి కొసకు తగిలినప్పుడు పెద్దపిల్లలకూ పెద్దవాళ్ళకూ అవుతుంది.

ఆ కాగితంలో రెండు తప్పులున్నాయి. మొదటిది మ్యాలెట్ అన్న మాట. నాలుగేళ్ళ పిల్లల్లో టెండన్ అంత తేలిగ్గా తెగదు. టెండన్ కంటే, అది అంటుకున్న చోట ఎముకలో ఉండే గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పొడుగు పెరిగే పొర, మెత్తన. దెబ్బకు ముందు విడిపోయేది అదే. రెండో తప్పు హ్యాండ్ ఎక్స్‌రే అన్న మాట. అరచెయ్యి బోర్లా పెట్టి ఎక్స్‌రే తీస్తే నాలుగు వేళ్ళూ ఎదురుగా పడతాయి. బొటనవేలు వాటికి అడ్డంగా తిరిగి ఉంటుంది కాబట్టి ఏటవాలుగా పడుతుంది. దాన్ని సరిగ్గా చూడాలంటే బొటనవేలికని విడిగా రాయాలి, ఎదురు వ్యూ ఒకటి, పక్క వ్యూ ఒకటి. ఇది హౌస్ సర్జన్‌కి కూడా తెలిసిన విషయం. జనరేటర్ మీద ఎక్స్‌రే మిషన్ ఎప్పుడు ఆగిపోతుందో అని టెక్నీషియన్ తొందరపెట్టాడు, నేను తలూపాను. వచ్చిన ఫిల్ములో బొటనవేలి కొస పక్కకు తిరిగి, మసగ్గా ఉంది. ఎముక విరిగిన గీత ఏదీ కనిపించలేదు. కనిపించలేదు కాబట్టి లేదనుకున్నాను.

టీకాల కార్డు చూశాను, డీపీటీ బూస్టర్ వేయించి ఉంది. గాయం కడిగి, కొస వాలకుండా చిన్న అల్యూమినియం స్ప్లింట్ పెట్టి, నొప్పి సిరప్, మూడు రోజులకు యాంటీబయాటిక్ సిరప్ రాసి, బుధవారం రమ్మన్నాను. బుధవారం రాలేదు. రోడ్ల మీద నీళ్ళు, ఆటోలు తిరగలేదు. ఫోన్ నంబరు రిజిస్టర్లో ఉంది, అయినా నేను చేయలేదు.

తొమ్మిదో రోజు

12వ తేదీ మంగళవారం వచ్చారు. ఈసారి నాయనమ్మ కూడా ఉంది. తల్లి చేతిలో ఒక చీటీ. వాళ్ళ ఊళ్ళో డ్రెస్సింగ్ మార్చే ఆర్‌ఎంపీ రాసి పంపినది. నీలం బాల్‌పెన్నుతో రెండు ముక్కలు: "సార్, గోరు తోలు పైన ఉంది. చీము. ఒకసారి చూడగలరు."

ఆ చీటీని నేను చాలాసేపు చూశాను. మనం ఆర్‌ఎంపీల గురించి మాట్లాడుకునే మాటలు నాకు తెలుసు, నేనూ మాట్లాడినవాణ్ణే. ఆయన దగ్గర ఎక్స్‌రే లేదు. పక్క వ్యూ అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు. గోరు ఉండాల్సిన చోట లేదని మాత్రం కళ్ళతో చూశాడు.

మీ బొటనవేలి గోటి మొదలు ఒకసారి చూసుకోండి. గోరు చర్మం కిందికి దూరి ఉంటుంది. అక్కడ చర్మం ఒక మడతలా దాని మీదికి వస్తుంది. గోటి మొదట్లో తెల్లటి చంద్రవంక ఉంటుంది, అందులో కొంత ఆ మడత కిందే దాగి ఉంటుంది. ఈ పాపకు గోటి మొదలు మడత కింద లేదు. మడత మీదికి ఎక్కి కూర్చుంది. చంద్రవంక మొత్తం బయటికి కనిపిస్తోంది. అందువల్ల కుడి బొటనవేలి గోరు ఎడమదాని కంటే పొడుగ్గా కనిపించింది. గోరు ఏమీ పెరగలేదు. దాగి ఉండాల్సిన భాగం బయటపడింది, అంతే. రెండు బొటనవేళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే పది సెకన్లలో తెలిసిపోతుంది. మొదటి రోజు నేను ఎడమచెయ్యి చూడనేలేదు.

వేలు ఎర్రగా, ఉబ్బి ఉంది. గోటి మొదలు నొక్కితే చీము బొట్టు వచ్చింది. జ్వరం లేదు. మోచెయ్యి దగ్గర, చంకలో బిళ్ళలు లేవు. ఈసారి బొటనవేలికి విడిగా, పక్క వ్యూ నేనే నిలబడి తీయించాను. చివరి ఎముక మొదట్లో ఉండే చిన్న ఎముక పలక, అంటే ఎపిఫిసిస్, దాని చోటే ఉంది. మిగతా ఎముక దాని నుంచి విడిపోయి అరచేతి వైపు వంగిపోయింది. రెంటికీ మధ్య పైవైపు సందు తెరుచుకుని ఉంది.

తల్లి ఫిల్ము పట్టుకుని ఇంకోచోట వేలు పెట్టింది. "ఇక్కడ కూడా విరిగిందా సార్?" ఆమె చూపించింది బొటనవేలి మెటాకార్పల్ (వేలికీ మణికట్టుకీ మధ్య అరచేతిలో ఉండే ఎముక) మొదట్లో, మణికట్టు దగ్గర ఉన్న నల్లటి గీత. అది గ్రోత్ ప్లేట్, పిల్లలందరికీ ఉంటుంది. తక్కిన నాలుగు మెటాకార్పల్స్‌లో అది వేళ్ళ వైపు కొసలో ఉంటుంది, బొటనవేలిలో మాత్రం మణికట్టు వైపు ఉంటుంది. ఆ తేడా తెలియక ఆ గీతను ఫ్రాక్చర్ అనుకుని కట్టు కట్టించుకుని వచ్చిన పిల్లల్ని చూశాను. ఒక చోట లేని ఫ్రాక్చర్ కనిపిస్తుంది, ఇంకోచోట ఉన్న ఫ్రాక్చర్ దాక్కుంటుంది. పిల్లల బొటనవేలి ఎక్స్‌రేతో వచ్చే తలనొప్పి ఇదే.

ఈ ఫ్రాక్చర్‌కి సేమర్ ఫ్రాక్చర్ అని పేరు. 1966లో సేమర్ అనే సర్జన్ దీన్ని విడిగా వర్ణించాడు. ఎక్కువగా మధ్యవేలికి వస్తుంది, బొటనవేలికి తక్కువ. గ్రోత్ ప్లేట్ దెబ్బలకు 1963లో టొరంటోలో సాల్టర్, హారిస్ అనే ఇద్దరు చేసిన వర్గీకరణనే మేం ఇప్పటికీ వాడతాం. ఆ లెక్కలో ఇది ఒకటో రకమో రెండో రకమో అవుతుంది, కొన్నిసార్లు గ్రోత్ ప్లేట్‌కు ఒకట్రెండు మిల్లీమీటర్లు ముందుగా కూడా విరుగుతుంది. పేరు ఏదైనా జరిగేది ఒకటే. వేలిని చాపే టెండన్ ఎపిఫిసిస్‌కు అంటుకుని ఉంటుంది. వేలిని ముడిచే టెండన్ ఇంకొంచెం ముందుకు, ఎముక ప్రధాన భాగానికి అంటుకుంటుంది. విరిగేది ఈ రెంటి మధ్య. వెనక ముక్కను ఒకటి పైకి పట్టి ఉంచుతుంది, ముందు ముక్కను ఇంకోటి కిందికి లాగుతుంది. అందుకే చూడ్డానికి అచ్చం మ్యాలెట్‌లా ఉంటుంది.

అసలు సమస్య ఎముక కాదు. గోరు పుట్టే పొర సరిగ్గా ఆ గ్రోత్ ప్లేట్ మీదే, వెంట్రుకవాసి దూరంలో ఉంటుంది. ఎముక వంగినప్పుడు ఆ పొర చిరుగుతుంది, గోరు మడతలోంచి ఊడి పైకి వస్తుంది. అంటే బయటి గాలికీ విరిగిన ఎముకకూ మధ్య అడ్డం ఏమీ లేనట్టే. అది ఓపెన్ ఫ్రాక్చర్. కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే ఎంత హడావిడి పడతామో ఇక్కడా అంతే పడాలి. వేలు చిన్నది కాబట్టి పడం.

వాలిన బొటనవేలు కొస అంటే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లల్ని "మొన్న పడినాడు సార్, అప్పటి నుంచి బొటనవేలు వంగిపోయింది, చాచడంలేదు" అని తీసుకొస్తారు. గాయం ఉండదు, వాపు ఉండదు, ఎక్స్‌రే మామూలుగా ఉంటుంది. వేలి మొదట్లో, అరచేతి వైపు వేలు పెడితే బఠాణీ గింజంత గడ్డ తగులుతుంది. అది ట్రిగ్గర్ థంబ్. టెండన్ లావై దాని సొరంగంలో ఇరుక్కుంటుంది. పడటానికీ దానికీ సంబంధం ఉండదు, పడినప్పుడు ఇంట్లో వాళ్ళు మొదటిసారి గమనిస్తారు, అంతే. చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది, లేకపోతే చిన్న ఆపరేషన్. కట్టు మాత్రం అక్కర్లేదు.

ఇంట్లో వాళ్ళతో

నేను చెప్పాల్సింది చెప్పాను. ఎముక విరిగిందనీ, ఆ సందులోంచి చీము పట్టిందనీ, మత్తు ఇచ్చి తెరిచి కడగాలనీ.

తండ్రి మెల్లగా అడిగాడు. "ఆ రోజే తెలిసుంటే ఆపరేషన్ లేకుండా పోయేదా సార్?"

"ఆ రోజైనా చిన్న ఆపరేషన్ పడేదే. కాకపోతే చీము ఉండేది కాదు."

నాయనమ్మ మాత్రం తిన్నగా అడిగింది. "మరి ఆ పొద్దు ఎందుకు చూళ్ళేదు నాయనా?"

"సరైన ఫొటో తీయించలేదమ్మా. పొరపాటు నాదే."

ఆమె ఏమీ అనలేదు. కొంగుతో పాప ముఖం తుడిచింది. తండ్రి అప్పుడే బకెట్ నీళ్ళ సంగతి చెప్పాడు, అదే కారణమేమో, తప్పు తనదేమో అన్నట్టు. నా తప్పు నేను ఒప్పుకోకపోయి ఉంటే ఆ మాట బయటికి వచ్చేది కాదని నాకు అనిపిస్తుంది. వైద్యానికి అది చాలా పనికొచ్చిన మాట. మామూలుగా గోటి గాయంలో చీము పట్టిందంటే స్టాఫిలోకాకస్ అనుకుని మందు మొదలుపెడతాం. ఉప్పు కలిసిన గుంట నీళ్ళయితే ఏరోమోనాస్, విబ్రియో లాంటి నీటి సూక్ష్మజీవులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకని సెఫాజోలిన్‌కు తోడు, చీములో ఏ సూక్ష్మజీవి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు వచ్చేదాకా అమికాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ కూడా కలిపాను.

వెళ్ళబోతూ నాయనమ్మ ఇంకో మాట అడిగింది. "ముద్ర పడతదా నాయనా, ఈ ఏలితో?" ముందు నాకు అర్థం కాలేదు. ఆమె వేళ్ళు అరిగిపోయి రేషన్ మిషన్ ఆమె ముద్ర తీసుకోదట. ప్రతి నెలా కొడుకు పని మానుకుని రావాల్సి వస్తుందట. పాపకు అయిదేళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు వేయించాలి గదా, బొటనవేలే పాడైపోతే ఎట్ట అని ఆమె దిగులు. వేలి కింది వైపు కండకు దెబ్బ తగల్లేదు కాబట్టి గీతలు పోవని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఆపరేషన్

మరుసటి రోజు ఉదయం చేశాం. రక్తపరీక్షలో, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ 22. ఎక్స్‌రేలో ఎముక తినేసిన గుర్తులేమీ లేవు, అయితే ఎముకలో చీము పట్టినా ఎక్స్‌రేలో కనబడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోలేదు.

మత్తు డాక్టరు కెటమిన్ ఇచ్చాక వేలి మొదట్లో తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ ఒక మిల్లీలీటరు ఇచ్చాను. వేలికి రక్తం రాకుండా ఆపే టోర్నికే కట్టాలి. గ్లవ్ కొసను కోసి ఉంగరంలా వేసేవాళ్ళున్నారు. పిల్లల వేలి మీద ఆ చిన్న రబ్బరు ముక్క కట్టు కింద మిగిలిపోతే వేలే పోతుంది. నేను సన్నటి రబ్బరు కెథెటర్ కట్టి, దానికి ఆర్టరీ ఫోర్సెప్స్ బిగిస్తాను. అంత బరువైన ఇనప సామాను వేలాడుతుంటే ఎవరూ మర్చిపోరు.

కళ్ళకు లూప్స్ (పెద్దవిగా చూపే అద్దాలు) పెట్టుకుని, గోటి మడత రెండు మూలల్లో ఏటవాలుగా చిన్న గాట్లు పెట్టి మడత పైకి ఎత్తాను. గోరు అప్పటికే వదులైపోయింది, పట్టుకుంటే వచ్చేసింది. కింద రెండు బొట్ల చీము. దాన్ని కల్చర్‌కు తీసుకున్నాం. తుడిచాక కనిపించింది అసలు సంగతి. గోరు పుట్టే పొర అంచు చిరిగి, మడతపడి, ఎముక సందులోకి దూరిపోయి ఉంది. గాలికి మూసుకున్న తలుపు సందులో చీర కొంగు ఇరుక్కుంటే ఎలా ఉంటుందో అలా. నేను పెట్టిన స్ప్లింట్ వేలి కొసను ఎంత పైకెత్తినా, ఆ సందు మూసుకోదు. పైగా ఆ పొరను అక్కడే నొక్కి ఉంచుతుంది. తొమ్మిది రోజులు ఆ స్ప్లింట్ చేసిన పని అది.

వేలి కొసను ఇంకొంచెం కిందికి వంచి సందు తెరిచి, సన్నటి హుక్‌తో ఆ అంచును బయటికి లాగాను. లోపల సెలైన్‌తో, ఇరవై మిల్లీలీటర్ల సిరంజితో అర లీటరు దాకా కడిగాం. చీము ఉన్న చోట గీకాలని చెయ్యి ఊరుకోదు. ఇక్కడ గీకితే గ్రోత్ ప్లేట్ పోతుంది. ముందు ముక్క కొసను మాత్రం తడిగుడ్డతో తుడిచి వదిలేశాను. పొర బయటికొచ్చాక వేలి కొసను చాపితే ఎముక దాని చోటికి చిన్న టక్కుమన్న శబ్దంతో వచ్చి కూర్చుంది. పొరను సన్నటి, తనంతట కరిగే దారమైన 6-0 విక్రిల్‌తో మూడు కుట్లు, వదులుగా, చీము వస్తే కారడానికి వీలుగా వేశాను.

మొదటి రోజే పట్టుకుని ఉంటే గోటిని శుభ్రం చేసి తిరిగి మడత కిందికి దూర్చి కుట్టేవాణ్ణి. పొరకు అంతకంటే మంచి కప్పు లేదు, ఎముకకు అదే స్ప్లింట్ కూడా. ఎముక నిలవకపోతే దాన్ని పట్టి ఉంచే సన్నటి తీగ, కే-వైర్, కీలు గుండా వేసేవాణ్ణి. చీము పట్టిన వేల్లోకి వైరు వేసి కీలులోకి దాన్ని తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. కొందరు వేస్తారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఇక్కడ ఎముక నిలిచింది కాబట్టి వేయలేదు. గోటి బదులు ప్యారాఫిన్ గాజ్‌ను సన్నటి పట్టీలా మడిచి మడత కింద ఉంచాను, మడత పొరకు అతుక్కోకుండా.

కట్టు మోచెయ్యి పైదాకా వేశాం. వేలి కొసకు దెబ్బ తగిలితే భుజం దాకా కట్టు ఏమిటని తల్లి ఆశ్చర్యపోయింది. నాలుగేళ్ళ పిల్ల చెయ్యి బొద్దుగా, చిన్నగా ఉంటుంది. మోచేతి కింద ఆపేస్తే సాయంత్రానికల్లా మేజోడులా జారిపోతుంది.

తర్వాత

కల్చర్‌లో స్టాఫిలోకాకస్ ఆరియస్ వచ్చింది, మామూలు మందులకు లొంగే రకం. గుంట నీళ్ళ జీవులేవీ లేవు. అమికాసిన్ మూడో రోజు ఆపేశాను. సెఫాజోలిన్ రోజుకు కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు విడతలుగా అయిదు రోజులు, తర్వాత సెఫాలెక్సిన్ సిరప్ నోటితో. మొత్తం నాలుగు వారాలు. ఎముకలో చీము అని రుజువు కాకపోయినా అలాగే లెక్కవేసి ఇచ్చాను, ఎందుకంటే విరిగిన ఎముక కొస తొమ్మిది రోజులు చీములో నానింది. సిరప్ ఒక్కో విడతకు ఎనిమిది మిల్లీలీటర్లు, రోజుకు నాలుగు విడతలు. పాప మూడో రోజే నోరు తెరవడం మానేసింది. మందు వేశాక బెల్లం ముక్క పెట్టి ఆ రోజులన్నీ గట్టెక్కించింది నాయనమ్మ.

సీఆర్‌పీ పది రోజులకు నాలుగుకు దిగింది. రెండు వారాల ఎక్స్‌రేలో విరిగిన చోట ఎముక కొంచెం పలచబడినట్టు కనిపించింది. ఆ రోజు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నాలుగు వారాల ఎక్స్‌రేలో అక్కడ కొత్త ఎముక నిండి ఉంది. కట్టు విప్పాం. వేలు బిగుసుకుపోయి ఉంది. వ్యాయామాలు ఏమీ చెప్పలేదు, చపాతీ పిండి ముద్ద ఇచ్చి ఆడుకోనివ్వమన్నాను.

గోరు మెల్లగా వచ్చింది. వేలి గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది, దెబ్బ తగిలిన తర్వాత మొదట్లో అదీ ఉండదు. ఆరు నెలలకు నిండుగా వచ్చింది, మధ్యలో నిలువుగా ఒక గీటుతో. ఆ గీటు నేను కుట్టిన చోటిది, అది పోదు. వేలి కొస ఎడమవైపు 75 డిగ్రీలు ముడుచుకుంటే ఇటు 55. చాపినప్పుడు అయిదు డిగ్రీలు వాలుతుంది. పెన్సిల్ పట్టుకోవడానికి అడ్డం లేదు.

ఈ ఏడాదిన్నర రెండేళ్ళలో నా క్లినిక్‌లో మారినవి రెండే. ఎక్స్‌రే స్లిప్పులో బొటనవేలికి విడిగా ఒక గడి పెట్టించాను, ఎదురు, పక్క అని రెండు టిక్కులతో. "హ్యాండ్" అని రాసి బొటనవేలు గురించి అడిగితే టెక్నీషియన్ ఇప్పుడు తిరిగి పంపుతాడు. ఇంకోటి, వేలు నలిగి వచ్చిన ప్రతి పిల్ల చెయ్యీ పక్కన రెండో చెయ్యి పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తాను. ఆ ఆర్‌ఎంపీకి కూడా ఫోన్ చేసి, ఆ చీటీ రాసినందుకు థాంక్స్ చెప్పాను. ఆయన కంగారు పడ్డాడు, ఏదో తప్పు చేశానని పిలిచారనుకున్నాడట. ఇప్పుడు అనుమానం ఉంటే వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాడు. వాటిలో చాలావరకు గోటి కింద రక్తం గడ్డలే, ఇంట్లోనే తగ్గిపోయేవి. తలుపు సందులో పడి వేలి కొస ఎముక పిండి అయినట్టు విరిగినవి కూడా గోరు తన చోట ఉంటే స్ప్లింట్‌తో మానిపోతాయి. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర విరిగినవైతే చిన్నపిల్లల్లో 20, 30 డిగ్రీల వంకరను కూడా ఎదిగే ఎముక సరిచేసుకుంటుంది, మూడు నాలుగు వారాల కట్టు చాలు. అన్నిటికీ కంగారు పడితే పనికాదు. కంగారు పడాల్సింది ఎప్పుడో తెలియాలి: గోటి మొదట్లో రక్తం ఉండి, కొస వాలి, గోరు పక్క చేతి గోటి కంటే పొడుగ్గా కనిపించినప్పుడు.

రెండేళ్ళు నిండాక పాపను మళ్ళీ చూశాను. రెండో తరగతి. ఎక్స్‌రేలో గ్రోత్ ప్లేట్ తెరిచే ఉంది, మధ్యలో కొంచెం సన్నబడింది. ఎడమవైపుతో పోలిస్తే చివరి ఎముక ఒక మిల్లీమీటరు పొట్టి. ఆ ప్లేట్ ముందే మూసుకుపోతే తేడా పెరుగుతుంది. అందుకని ఎదుగుదల ఆగేదాకా ఏడాదికోసారి రమ్మన్నాను. ఇలాంటి కేసుల్లో గోరు వంకరగా రావడం, వేలు పొట్టిగా ఉండిపోవడం, ఎముకలో చీము మిగిలిపోవడం మూడూ జరుగుతాయి. ఇక్కడ మొదటిది కొంచెం ఉంది, రెండోది కొంచెం ఉండొచ్చు, మూడోది లేదు.

తల్లి బ్యాగులోంచి ఆధార్ అప్‌డేట్ రసీదు తీసి చూపించింది. ఆ నెలలోనే వేలిముద్రలు వేయించారట. కుడి బొటనవేలు ఎన్నిసార్లు పెట్టాల్సి వచ్చిందని అడిగాను.

"ఒక్కసారే సార్. పెట్టంగానే తీసుకునింది."

"మరి అత్తయ్యది?"

"ఆమెది యాడ సార్, ఇప్పటికీ మిషన్ తీసుకోదు."